వ్రణశేషము

ఋణశేషము, అగ్నిశేషము, శత్రుశేషము, వ్రణశేషము, ఈ నాలుగింటిని మిగుల్పరాదని మన పెద్దలు చెప్పుచుందురు. అప్పు కొంత మిగిలినచో వడ్డితో పెరుగును. నిప్పుకణిక యొకటి మిగిలినచో గడ్డివామి దగ్ధమగును. పగవాని సంగతి చెప్పనక్కరలేదు. నాలుగవదియగు వ్రణశేషమును గూర్చి మాత్రము మనలో ననేకులు తగినంత విచారింపరు. పైచర్మము మూసికొన్న చాలును, వ్యాధి పోయినదని తలంతురు. సామాన్యమైన పుండ్ల విషయమున నది నిజమే. చర్మమునకు వచ్చు రాచపుండు, అనగా క్యాన్సరు విషయమున నది నిజము కాదు. కోసిన చోటు చక్కగా మానియుండియు, లోపల మిగిలిన కొద్దిపాటి శేషమువలన వ్యాధి మరల తలయెత్తవచ్చును. అట్లేల జరుగును, దానిని ముందుగా నెట్లు కనుగొందురు, మనము చేయదగినదేమి యను మూడు సంగతులను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

దీనిని వ్రాయుటకు మాకొక కారణము కలదు. చిప్పగిరి ప్రాంతమున నల్లరేగడి చేలలో ప్రత్తియు వేరుసెనగయు పండించు నొక వృద్ధ కృషీవలుని మే మెరుగుదుము. ఆయన మనుమడు మా విద్యార్థి. ఆ వృద్ధునకు బాల్యమున పొయ్యినిప్పులపై బడి యెడమ పిక్క కాలినది. పుండు మాని మచ్చ నిలిచెను. నలువది యేండ్లకుపైగా దానివలన బాధ యేమియు లేకుండెను. ఒకనాడు చేనిలో ప్రత్తికట్టె గీచికొని ఆ మచ్చపై చిన్నపుండు లేచెను. ఆకుపసరు పోసిరి, పూతమందులు వేసిరి. ఆరు మాసములైనను మానలేదు. అంచులు గట్టిపడి పైకి లేచెను. తుదకొక పట్టణమున దానిని కోయించుకొనెను. ఉదయము పోయినవాడు సాయంకాలమునకే యిల్లు చేరెను. మూడు వారములలో గాయము మానగా నందరు సంతసించిరి. కోసి తీసిన మాంసఖండమును పరీక్షకు పంపినవారు లేరు. పంపుడని యడిగినవారును లేరు.

ఎనిమిదవ మాసమున కుట్లగీత కొనయందు శనగగింజంత గట్టి బొడిపె కనబడెను. పాత గాయమే గదాయని మరి యారు మాసములుపేక్షించిరి. పెద్ద వైద్యశాలకు బోవునప్పటికి వ్యాధి యెముకను తాకియుండెను. మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చెను. ఆయన నేడు చంకకఱ్ఱతో నడచుచున్నారు. ఆ దినములలో మనుమడు మా యొద్దకు వచ్చి, "కోసినారు గదా సార్, మళ్ల యెట్ల వచ్చె?" అని యడిగెను. మే మప్పుడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ బాలుని ప్రశ్నకు మేమాలస్యముగా నిచ్చుచున్న యుత్తరము.

మొదట చర్మ నిర్మాణమును కొంచెము తెలిసికొందము. చర్మమున ముఖ్యముగా రెండు పొరలు గలవు. పైపొర కనురెప్పలయందు కాగితముకంటె పలుచనగాను, అరికాలియందు మిల్లీమీటరున్నర మందము వరకును ఉండును. క్రిందిపొరలో రక్తనాళములు, నరములు, వెండ్రుకల కుదుళ్ళు, స్వేదగ్రంథులు ఉన్నవి. పైపొర యడుగున మూలకణములను కణములు వరుసగా నిలిచి, నిత్యము విభజనము చెందుచుండును. పుట్టిన కొత్తకణములు క్రమముగా పైకి జరుగుచు, చదునై, పొలుసులుగా మారి, ఇంచుమించు నెలదినములలో రాలిపోవును. మూలకణముల నడుమ అక్కడక్కడ నలుపుదనమును కల్పించు వర్ణకణములు గలవు.

ఈ మూడు విధముల కణములనుండి మూడు విధములగు రాచపుండ్లు పుట్టును. మూలకణములనుండి పుట్టునది మెల్లగా పెరుగును. దూరపు అవయవములకు ప్రాకుట మిక్కిలి యరుదు. కాని యున్నచోటనే ముక్కును, కనురెప్పను, చెవిని కొఱుకుకొని పోవును. 1827వ సంవత్సరమున డబ్లిను నగర వైద్యుడు ఆర్థర్ జేకబ్ దీనిని వర్ణించెను. ఎలుక కొఱికినట్లుండుటచే తరువాతి ఆంగ్లవైద్యులు దీనికి మూషికవ్రణమను నర్థము వచ్చు పేరిడిరి. రెండవది పొలుసుకణములనుండి పుట్టునది. ఇది మొదటిదానికంటె వేగముగా పెరిగి, గజ్జలలోని, చంకలలోని, మెడలోని బిళ్ళలకు ప్రాకగలదు. మూడవది వర్ణకణములనుండి పుట్టు మెలనోమా. మూడింటిలో నిదియే మిక్కిలి ప్రమాదకరము.

మన చర్మములోని నల్లని వర్ణద్రవ్యము సూర్యకిరణముల ధాటిని చాలవరకు అడ్డుకొనును. అందుచేత తెల్లజాతులవారిలో కనబడినంతగా చర్మపు రాచపుండు మనలో కనబడదు. అట్లని మనకది రాదని తలంచుట పొరపాటు. మనలో నది వేరు ద్వారములగుండ ప్రవేశించును. కాలిన మచ్చలు, ఏండ్ల తరబడి మానని పుండ్లు, స్పర్శ లేని పాదముల వ్రణములు, నిత్యము ఒరసికొను చోటులు దాని ద్వారములు. ఫ్రెంచి శస్త్రవైద్యుడు మార్జొలిన్ 1828లో మచ్చలపై లేచు పుండ్లను గూర్చి వ్రాసెను. నేటికిని అట్టి మచ్చలయందు పుట్టు రాచపుండునకు ఆయన పేరే వాడుదురు. కాలిన నాటికిని వ్యాధి పుట్టు నాటికిని నడుమ సగటున ముప్పది యేండ్ల యెడముండును. చిన్ననాటి మచ్చ పెద్దతనమున శత్రువగుట యిట్లు. కాశ్మీరమున చలికి నిప్పుకుంపటిని వస్త్రములలో నుంచుకొనువారికి తొడలమీదను, పొట్టమీదను వచ్చు కాంగ్రీ క్యాన్సరును ఇట్టిదే.

బొంబాయి టాటా స్మారక వైద్యశాలలో పనిచేసిన ప్రసిద్ధ రోగనిర్ధారకుడు వసంత రాంజీ ఖనోల్కరు, సూర్యాబాయితో కలిసి 1945లో ఒక వ్యాసమును ప్రకటించెను. మన దేశపు అలవాటులవలన పుట్టు క్యాన్సరులను అందు వర్ణించిరి. నడుమున ధోవతిని ఏండ్ల తరబడి బిగించి కట్టుచోట ఒరపిడివలన పుట్టునది యందొకటి. చుట్టను నిప్పుకొన లోపలికి బెట్టి కాల్చుటచే అంగిటిలో పుట్టునది మరియొకటి. అడ్డపొగయని మన విశాఖపట్టణపు తీరమున చెప్పు అలవాటే యది. అంగిలి చర్మము కాకపోయినను ఒక్క సత్యము రెంటికిని సమానము: ఒకేచోట దీర్ఘకాలము కలుగు బాధను శరీరము మరువదు.

అరికాలి విషయము ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. నల్లచర్మము గలవారికి మెలనోమా వచ్చినపుడు అది తరచుగా అరికాలియందో, అరచేతియందో, గోటిక్రిందనో వచ్చును. ఆ చోటుల వర్ణము తక్కువ. జమైకా దేశపు ప్రఖ్యాత గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలివ్రేలి గోటిక్రింద ఇట్టి వ్యాధి యున్నట్లు కనుగొనిరి. వ్రేలిని తీసివేయవలెనని వైద్యులు చెప్పగా, తన మతవిశ్వాసమునుబట్టి ఆయన అంగీకరింపలేదు. గోరును, దాని క్రింది చర్మమును మాత్రము తీసి, తొడనుండి చర్మము తెచ్చి యతికిరి. వ్యాధి తరువాత శరీరమంతట ప్రాకెను. 1981 మే 11వ తేదీన, ముప్పదియారేండ్ల వయస్సున, ఆయన మరణించెను. ఉత్తపాదములతో నడచు సేద్యగాండ్రు అరికాలి నల్లమచ్చను ముల్లు విరిగిన గుర్తని తలంచి యూరకుండుట గలదు. పెరుగుచున్న నల్లమచ్చ ముల్లుగుర్తు కాదు.

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. కోసినది మరల నెట్లు వచ్చును? రేగడిచేలలో తుంగను చూడని రైతు లేడు. పైనున్న ఆకులను కోసినచో రెండు దినములు చేను శుభ్రముగా కనబడును. భూమిలోని గడ్డ యొక్కటి మిగిలినను మూడవనాడు మొలక తలయెత్తును. మరియు ఆకులు కనబడినంత మేరయే గడ్డలుండునను నియమము లేదు. అవి భూమిలో ప్రక్కలకు ప్రాకి, కంటికి శుభ్రమైన నేల క్రిందను దాగియుండును. రాచపుండును అట్టిదే. కంటికి కనబడు అంచు దాని నిజమైన అంచు కాదు. సన్నని వేళ్ళవంటి కణపంక్తులు ఆరోగ్యముగా కనబడు చర్మము క్రిందికి, కొన్నియెడల నరముల వెంబడి, చొచ్చుకొని పోవును. కనబడినంత మాత్రమే కోసి కుట్టినచో, ఆ వేళ్ళు లోపలనే యుండును. గాయము మానుట చర్మముయొక్క గుణము. క్రింద నేమున్నను చర్మము తన పని తాను చేసికొని మూసికొనును. కావున మానినదన్న మాటవలన వ్యాధి పోయినదని తెలియదు.

ఇది నేటి వైద్యులు క్రొత్తగా కనిపెట్టిన సంగతియని తలంపరాదు. సుశ్రుతాచార్యుడు చికిత్సాస్థానమున అర్బుదములను శేషము లేకుండ తీయవలెననియు, శేషించినచో నవి శీఘ్రముగా మరల పుట్టి, ఆర్పక విడిచిన నిప్పువలె రోగిని హరించుననియు చెప్పియున్నాడు. మునుపు పుట్టిన అర్బుదముపై మరల పుట్టినదానికి అధ్యర్బుదమని ప్రత్యేకముగా పేరును పెట్టెను. అయితే శేషమున్నదో లేదో చూచు సాధన మానాడు లేదు. నేడు కలదు, అది సూక్ష్మదర్శని. సాధనమున్న కాలమున దాని నుపయోగింపకుండుట మన దోషమే యగును.

శస్త్రవైద్యులు ఈ శేషమును నివారించుటకు రెండు పనులు చేయుదురు. మొదటిది, కనబడు అంచునకు వెలుపల కొంత మంచి చర్మమును గూడ చేర్చి కోయుట. మూలకణముల పుండు చిన్నదై, అంచులు స్పష్టముగా నున్నచో సుమారు 4 మిల్లీమీటర్లు, అనగా ఒక జొన్నగింజ వెడల్పు, చుట్టును అదనముగా తీయుదురు. పొలుసుకణముల జాతికి 4 మిల్లీమీటర్లు, ప్రమాదచిహ్నములున్నచో 6 మిల్లీమీటర్లు గాని అంతకుమించి గాని తీయుదురు. మెలనోమాకు దాని లోతునుబట్టి నిర్ణయింతురు: మిల్లీమీటరు లోతులోపున్నచో 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లకు మించినచో 2 సెంటీమీటర్లు. ఇంత చిన్న కురుపునకు ఇంత పెద్ద గాయమేలయని రోగి బంధువులు కోపించుట గలదు. ఆ జొన్నగింజ వెడల్పే వారి బంధువునకు రక్షయని యెరుగరు.

రెండవది, తీసిన ఖండమును పరీక్షించుట. ఖండమును వెంటనే పదింట నొకపాలు ఫార్మలిను గల నీటిలో వేయుదురు. ఏ ప్రక్క తలవైపో, ఏ ప్రక్క కాలివైపో తెలియుటకు ఒక కొనను దారముతో కుట్టి గుర్తుంతురు. పరీక్షాశాలలో ఆ ఖండముయొక్క కోతఅంచులకు రంగుసిరా పూయుదురు. పిదప మైనములో పొదిగి, మిల్లీమీటరులో రెండువందలవ వంతు మందముగల పొరలుగా తరిగి, రంగులద్ది, గాజుపలకపై సూక్ష్మదర్శనితో చూతురు. వ్యాధికణములు సిరా పూసిన అంచును తాకియున్నచో శేషము రోగి శరీరమున మిగిలియున్నదని యర్థము. అంచున లేక దూరముగా నున్నచో అంచు నిర్మలమని వ్రాయుదురు. రోగి భవిష్యత్తు ఆ చీటిలోని యొక్క పంక్తిపై నాధారపడియుండును. కోసిన మాంసమును పారవేయుటయనగా ఆ పంక్తిని చదువకయే చింపివేయుట.

ఈ పరీక్షకును హద్దులు గలవు. రొట్టెను ముక్కలుగా తరిగినట్లు ఖండమును అక్కడక్కడ తరిగి చూచునపుడు, మొత్తము అంచులో నూటికి ఒక వంతు కూడ కంటబడదు. ముక్కకును ముక్కకును నడుమ ఒక సన్నని వేరు దాగియుండవచ్చును. అందుచేత అంచు నిర్మలమని వచ్చినను కొంతకాలము కనిపెట్టియుండవలెను. మరియొక ప్రక్క, అంచున వ్యాధి మిగిలినదని వచ్చినను ప్రతివానికి తిరిగి రాదు. మూలకణముల జాతిలో అట్టివారిని ఏమియు చేయక కనిపెట్టి చూడగా సుమారు మూడింట నొకవంతువారికి మాత్రమే వ్యాధి మరల వచ్చినది. గాయము మానునపుడు పుట్టు వేడియు వాపును మిగిలిన కొద్ది కణములను నశింపజేయుటయే దీనికి హేతువని తలంతురు. కావున ఆ మాట విని ప్రాణము పోయినట్లు దుఃఖింప నక్కరలేదు. మెలనోమాలోను, పొలుసుకణముల జాతిలోను మాత్రము శేషమును విడిచి కూర్చుండుట మిక్కిలి యపాయకరము.

రెండవసారి వచ్చిన వ్యాధి మొదటిదానికంటె కఠినము. మొదటి కోతవలన ఏర్పడిన మచ్చ క్రింద వ్యాధికణములు ఒకచోట గాక దీవులవలె చెదరి పెరుగును. పైన గట్టిచర్మ ముండుటచే లోపలి పెరుగుదల చాలకాలము కంటబడదు. ప్రక్కచర్మమును త్రిప్పి గాయమును కప్పియున్నచో అసలు పుండు ఏ మూల నుండెడిదో గుర్తించుట గూడ కష్టమగును. అందువలననే, సందేహమున్నచోట అంచు నిర్మలమని తెలియువరకు అట్టి కప్పుడుపనిని వాయిదా వేయుట మంచిదని శస్త్రజ్ఞుల మతము. మూలకణముల పుండును సామాన్యరీతిగా కోసినపుడు అయిదేండ్లలో నూటికి సుమారు పదిమందికి మరల వచ్చును. ఒకమారు మరలివచ్చినదానిని అట్లే కోసినచో సుమారు పదునేడుగురికి మరల వచ్చును. మొదటి శస్త్రమే మంచి యవకాశమనుటకు ఈ యంకెలు చాలును.

ఈ కష్టమును దాటుటకు అమెరికా దేశమున విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఫ్రెడరిక్ మోస్ ఒక మార్గమును కనుగొనెను. 1930 తరువాతి దశాబ్దమున, ఇంకను విద్యార్థిగా నుండగనే, జింకు క్లోరైడు లేపనము మాంసమును చంపి, దాని కణరూపము చెడకుండ నిలుపునని ఆయన గమనించెను. ఆ లేపనమును పుండుపై పూసి, పలుచని పొరను తీసి, దాని యడుగుభాగమును, అంచును పూర్తిగా సూక్ష్మదర్శనితో చూచి, ఎక్కడ శేషము కనబడునో అక్కడనే మరల తీయుచు, నిర్మలమగువరకు సాగించెను. 1941లో ఈ విధానమును ప్రకటించెను. తరువాత లేపనమును విడిచి, పచ్చిమాంసమును గడ్డకట్టించి వెంటనే పరీక్షించు పద్ధతి యమలునకు వచ్చినది. ఈ విధానముచే మూలకణముల పుండు మొదటిసారి యైనచో అయిదేండ్లలో నూటికి ఒకనికి, మరలివచ్చినదైనచో అయిదారుగురికి మాత్రమే తిరిగి వచ్చుచున్నది.

ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. మన గ్రామములందును కారపుమందులతో పుండును కాల్చి రాల్చువారు గలరు. మోసు లేపనమును అట్లే కాల్చెను గదా, భేదమేమియని యెవరైన నడుగవచ్చును. భేదము సూక్ష్మదర్శనియే. ఆయన ప్రతి పొరను చూచి శేషమును వెదకెను. చూడక కాల్చినచో పైభాగము రాలి, క్రొత్తచర్మము మూసికొని, వేళ్ళు దాని క్రింద నిశ్చింతగా పెరుగును. మందు పనిచేసినదని రోగి సంతసించుచుండగా వ్యాధి లోతునకు దిగుచుండును.

అంచున శేషము మిగిలినదని తెలిసిన పిమ్మట మార్గములు గలవు. మిగిలిన అంచును మరల కోయుట మొదటిది. సాధ్యమైనచోట ఇదియే మేలు. కోయుటకు వీలుగాని చోటులందును, రోగి మిక్కిలి వృద్ధుడైనప్పుడును కిరణచికిత్స రెండవది. అయితే కాలిన మచ్చపై లేచిన పుండునకు కిరణములు అంతగా ఫలింపవు. అచ్చట కత్తియే ప్రధానము. ఏమియు చేయక నియమముగా చూచుచుండుట మూడవది. మెల్లగా పెరుగు జాతిలో, వైద్యుని సలహాతో మాత్రమే దీని నవలంబింపవచ్చును.

ఎంతకాలము కనిపెట్టియుండవలెను? పొలుసుకణముల పుండు మరల వచ్చు నెడల, నాలుగింట మూడు వంతులు రెండేండ్లలోపలను, దాదాపు అన్నియు అయిదేండ్లలోపలను వచ్చును. మూలకణములది మెల్లనిది గాన అయిదేండ్లు దాటిన తరువాతను రావచ్చును. మచ్చయంచున గట్టి బొడిపె, మాని మరల చిట్లు పుండు, రక్తము చెమర్చు పొక్కు, మచ్చచుట్టు తిమ్మిరి లేక చీమలు ప్రాకినట్లుండుట, గజ్జలోనో చంకలోనో మెడలోనో నొప్పిలేని బిళ్ళ, ఇవి చూడవలసిన గుర్తులు. నొప్పి లేదు గదాయని ధైర్యపడరాదు. ఈ వ్యాధి తొలిదశలో నొప్పిని పంపి హెచ్చరింపదు.

సహాయము దూరమున లేదు. చిప్పగిరివారికి గుంతకల్లును, ఆదోనియు, బళ్ళారియు సమీపములే. కర్నూలునందు 1956లో వైద్యకళాశాల స్థాపింపబడినది. దానికి చేరిన ప్రభుత్వ వైద్యశాలలో ఖండపరీక్ష జరుగును. మద్రాసు అడయారులో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి కృషిచే 1954లో ఆరంభమైన క్యాన్సరు సంస్థయు, హైదరాబాదున 1955లో నెలకొనిన మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు వైద్యశాలయు తెలుగువారనేకులకు చికిత్స చేసినవి. బీదకుటుంబముల వ్యయమునకై 2007లో ఆరోగ్యశ్రీ పేర నారంభమైన ప్రభుత్వపథకము ఇప్పుడు డాక్టరు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేరుతో నడచుచున్నది.

మా విద్యార్థులకు తుదిగా నొక్క మాట. మీలో ననేకుల యిండ్లలో వ్రాతకోతలు నేర్చిన మొదటివారు మీరే. తాతకో, అవ్వకో శరీరముమీద ఒక నెల దాటియు మానని పుండున్నచో, పాతమచ్చపై క్రొత్తపుండు లేచినచో, దాచక చెప్పుడు. కోయించునప్పుడు వారి వెంట బొండు. "తీసిన ముక్కను పరీక్షకు పంపుచున్నారా?" అని వినయముగా నడుగుడు. పది పదునైదు దినములకు మరల పోయి చీటిని తెచ్చుకొనుడు. అందు అంచును గూర్చి యేమి వ్రాసిరో చదివింపుడు. తెలియనిచో వైద్యునే యడుగుడు. ఆ చీటిని భూమి పట్టాలుంచు పెట్టెలో భద్రపరచుడు. భూమి పట్టా పోయినచో నకలు దొరకును. పారవేసిన ఖండమునకు నకలు లేదు.

ఆ వృద్ధుని మనుమడు ఈ సంవత్సరము మా పాఠశాలలో చదువు ముగించి వెళ్ళుచున్నాడు. వెళ్ళుటకు ముందు అతని కీ వ్యాసమును చదివి వినిపించితిమి. అతడు కొంతసేపు మౌనముగా నుండి, "మా చిన్నాయన మోచేతి మీద కాలిన మచ్చ ఉంది సార్, ఇంటికి పోయి చూస్తా" ననెను. మేము వ్రాసినందుకు అంతకంటె వేరు ఫలము కోరము.